ఊబి నేలమీద దుంగలతో అడవి దారి వేయడం ఎలా?

కెనడా ఉత్తరాన, అలాస్కాలో మస్కెగ్ అనే నేల ఉంటుంది. పైకి పచ్చటి నాచు, దాని కింద నీళ్లు పీల్చుకొని సగం కుళ్లిన మొక్కల పొర. దానిమీద నేరుగా కంకర పోస్తే ఎన్ని లారీలు పోసినా మింగేస్తుంది. అలాంటి చోట దుంగలను దారికి అడ్డంగా, పక్కపక్కనే పరిచి, వాటిమీద కంకర పోస్తారు. కార్డురాయ్ అనే ఉబ్బెత్తు చారల గుడ్డలా కనిపిస్తుంది కాబట్టి దానికి కార్డురాయ్ రోడ్డు అని పేరు. దిగబడిన బండి చక్రం కింద కొమ్మలు వేసి లాగే మన పల్లెల ఉపాయం వెనుక ఉన్నదీ ఈ సూత్రమే: బరువు ఒకచోట గుచ్చుకోకుండా వెడల్పుగా పరుచుకుంటుంది.

ముందుగా ఇనుప ఊచను చేత్తో గుచ్చుతూ గట్టినేల ఎంత లోతున తగులుతుందో దారి పొడవునా చూసుకోవాలి. పని చలికాలంలో, నేల గడ్డకట్టి యంత్రాల బరువు మోయగలిగినప్పుడు మొదలుపెట్టడం మేలు.

చెట్లను నేలమట్టానికి కోయాలి గానీ మొద్దులను పెకలించకూడదు. నాచూ వేళ్లూ అల్లుకున్న ఆ పైపొరే ఇక్కడ అసలు పునాది. 1942లో అలాస్కా హైవే వేసిన సైనిక ఇంజనీర్లు మొదట్లో దాన్ని బుల్డోజర్లతో గీకేయగా, కింద ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉన్న నేల ఎండకు కరిగి రోడ్డు బురదైపోయింది. ఆ తరువాతే పైపొరను కదపకుండా దుంగలు పరిచే పద్ధతికి వచ్చారు.

నరికిన కొమ్మలను ముందు మందంగా పరవాలి. నేల మరీ మెత్తగా ఉంటే దారి పొడవునా రెండు మూడు వరుసల దుంగలు వేసి, వాటిమీద 15 నుంచి 25 సెంటీమీటర్ల లావున్న తిన్నని స్ప్రూస్ (చలి ప్రాంతాల్లో పెరిగే సూదాకుల చెట్టు) దుంగలను అడ్డంగా పేర్చాలి. అవి దారి అంచు దాటి రెండువైపులా సుమారు మీటరు బయటికి ఉండాలి. ఒక దుంగ మొదలు పక్కన మరో దుంగ కొస వచ్చేలా తిప్పి వేస్తే సందులు తగ్గుతాయి. వాటిమీద జియోటెక్స్‌టైల్ అనే, నీటిని పోనిచ్చి మట్టిని ఆపే కృత్రిమ నూలు గుడ్డ పరిస్తే మట్టి సందుల్లోకి జారదు. ఆపైన కనీసం అర మీటరు మందాన కంకర పోయాలి. యంత్రం అప్పటికే పూర్తయిన భాగంమీద నిలబడి, కంకరను ముందుకు నెట్టుతూ పోవాలి.

నీటి విషయంలోనే ఎక్కువమంది పొరబడతారు. ఒకవైపు నీరు మరోవైపుకు పోయేందుకు తూములు పెట్టాలి, కానీ రోడ్డు పక్కనే లోతైన కాలువ తవ్వకూడదు. అది వేళ్ల పొరను తెంచుతుంది, పైగా దుంగలను ఆరబెడుతుంది. గాలి అందని తడిలో కలప చాలాకాలం చెడదు: ఇంగ్లండులోని సోమర్సెట్‌లో 1970లో బయటపడిన స్వీట్ ట్రాక్ అనే చెక్కబాట క్రీ.పూ. 3800 ప్రాంతానిది. తడుస్తూ ఆరుతూ ఉండే దుంగ మాత్రం కొన్నేళ్లకే బూజుపట్టి గుల్లబారుతుంది.

మొదటి ఏడాది రోడ్డు కుంగడం సహజం. దుంగలు పైకి తేలిన చోటల్లా వెంటనే మళ్లీ కంకర పోయాలి.