కారు కరెంటు పాఠాలు – 4: ఎర్ర బ్యాటరీ దీపం వెలిగితే

పోయిన పాఠంలో మీటరుతో బ్యాటరీ వోల్టేజీ చూడమన్నాను. రెండు చోట్ల చాలామంది తడబడ్డారు. అవి సరిచేసుకోకుండా ముందుకెళ్తే ఈరోజు చూసే ప్రతి అంకె తప్పుతుంది.

మొదటిది, బండి ఆపిన అయిదు నిమిషాలకే కొలవడం. అప్పుడు 12.9, 13 అని వస్తుంది. అది బ్యాటరీ బలం కాదు, ప్లేట్ల మీద పైపైన నిలిచిన చార్జి. రాత్రంతా ఆగిన బండిని పొద్దున తాళం తిప్పకముందు కొలవండి. అంత ఓపిక లేకపోతే హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వేసి ఆపేసి, పది నిమిషాలు ఆగి చూడండి. 12.6 ఉంటే బ్యాటరీ నిండుగా ఉంది. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12 అంటే పావు వంతే.

రెండోది ప్రమాదకరమైన తప్పు. మీటరు ఎర్ర వైరును 10 ఆంపియర్ల రంధ్రంలోనే వదిలేసి బ్యాటరీకి ఆనించారు. ఆ రంధ్రంలో ఉన్నప్పుడు మీటరు ఉత్త తీగతో సమానం. బ్యాటరీ రెండు కొసలనూ తీగతో కలిపినట్టే అవుతుంది. ఫ్యూజు పోతే అదృష్టం. ఫ్యూజు లేని చవక మీటరైతే వైరు చేతిలోనే కరుగుతుంది. కొలిచే ముందు వైరు ఏ రంధ్రంలో ఉందో ప్రతిసారీ కళ్లతో చూడండి.

ఇక డాష్‌బోర్డులోని ఎర్ర బ్యాటరీ దీపం సంగతి. తాళం ఆన్ చేసి ఇంజన్ స్టార్ట్ చేయకముందు అది వెలగాలి, స్టార్టవగానే ఆరిపోవాలి. పాత పద్ధతి బండ్లలో బల్బుకు ఒక కొస తాళం వైపు, రెండో కొస ఆల్టర్నేటర్ (ఇంజన్ బెల్టుతో తిరిగి కరెంటు పుట్టించేది, చాలామంది డైనమో అంటారు) మీద దీపం వైరు తగిలే ఎల్ టెర్మినల్‌కు ఉంటాయి. ఆల్టర్నేటర్ తిరిగి కరెంటు పుట్టిస్తే రెండు కొసల్లోనూ ఒకే వోల్టేజీ ఉంటుంది కాబట్టి బల్బులో ప్రవాహం ఉండదు, ఆరిపోతుంది. అందుకే నడుస్తున్న బండిలో ఈ దీపం వెలిగితే ముందు అనుమానించాల్సింది చార్జింగును. బ్యాటరీ మార్చినా అది మళ్లీ వెలుగుతుంది. కొత్త బండ్లలో దీపాన్ని ఈసీయూ, అంటే బండిలోని కంప్యూటర్, నడిపిస్తుంది కానీ అర్థం ఇదే.

దారిలో దీపంతో పాటు టెంపరేచర్ ముల్లు కూడా లేస్తుంటే వెంటనే ఆపేయండి. ఫ్యాన్ బెల్ట్ తెగి ఉంటుంది. చాలా ఇంజన్లలో వాటర్ పంపు కూడా ఆ బెల్ట్ మీదే తిరుగుతుంది. టెంపరేచర్ మామూలుగా ఉంటే ఏసీ, బ్లోయర్, పాటలు ఆపేసి దగ్గర్లోని మెకానిక్ వరకు పోనివ్వండి. మధ్యలో ఇంజన్ ఆపకండి, మళ్లీ సెల్ఫ్ తీసుకోకపోవచ్చు.

ఇప్పుడు కొలతలు. మీటరును డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, మీటరు వైర్ల చివరి ముల్లులను క్లాంపు మీద కాక సీసపు పోస్టు మీదే ఆనించండి. ఇంజన్ ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా, 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. తర్వాత హై బీమ్, బ్లోయర్ ఫుల్, వెనక అద్దం డీఫాగర్ వేసి 2000 ఆర్‌పీఎం వరకు రేస్ చేయించండి. 13.5 కిందికి పడకూడదు. 15 దాటితే వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయినట్టే. బ్యాటరీ నీళ్లు మరిగి కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది, ఆ బండి నడపకండి. నెగటివ్ క్లాంపు మీద చిన్న సెన్సారు ప్లగ్గు ఉన్న బండ్లలో చార్జింగును కంప్యూటరే తగ్గిస్తుంటుంది. 12.8 చూసి కంగారు పడకండి, హెడ్‌లైట్లు వేసి మళ్లీ చూడండి.

12.3 వచ్చి మెల్లగా దిగుతుంటే చార్జింగ్ లేదు. బెల్టు, ఆల్టర్నేటర్ వెనక చిన్న కనెక్టర్, మెయిన్ ఫ్యూజు ఇదే వరుసలో చూడండి. అవి బాగుంటే ఆల్టర్నేటర్ లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌ల వంతు. ఆల్టర్నేటర్ మొత్తం మార్చే ముందు బ్రష్‌లు, రెగ్యులేటర్ విడిగా దొరుకుతాయేమో అడగండి. నేనైతే ముందు అదే అడుగుతాను.

బ్యాటరీ దగ్గర 13.4 వచ్చి, ఆల్టర్నేటర్ లావు బోల్టుకూ దాని బాడీకీ మధ్య 14.3 వచ్చిందనుకోండి. 0.9 దారిలో పోతోంది. లోడు మీదే (లైట్లు, బ్లోయర్ వేసే) ఉంచి ఆ బోల్టు నుంచి బ్యాటరీ ప్లస్ పోస్టుకు కొలిస్తే 0.2, ఆల్టర్నేటర్ బాడీ నుంచి మైనస్ పోస్టుకు 0.7. ప్లస్ వైపు 0.3, మైనస్ వైపు 0.2 దాటకూడదు కాబట్టి తప్పు ఎర్త్‌ది, అంటే మైనస్ వైపు దారిది. ఇంజన్ ఆపి, ముందు మైనస్ టెర్మినల్ తీసి, ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఎర్త్ పట్టీ విప్పండి. బోల్టు కింద తుప్పు, రింగు చుట్టూ ఆకుపచ్చటి పొడి కనిపిస్తాయి. గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది బిగించండి. లావు బోల్టులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, ముల్లు జారి బాడీకి తగిలితే నిప్పులే.

ఇంకొక్క కొలత. మీటరును ఏసీ వోల్టుల (ఆల్టర్నేటింగ్ కరెంటు) దగ్గర పెట్టి, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద చూడండి. 0.5 దాటితే ఆల్టర్నేటర్ లోపల ఏసీని డీసీగా మార్చే డయోడ్ పోయి ఉండొచ్చు. కొన్ని చవక మీటర్లు ఇంజన్ ఆపి ఉన్నా ఏసీలో 28 వరకు చూపిస్తాయి. అలాంటిది ఈ పనికి వాడకండి.

ఇక నన్ను నిజంగా బాధపెట్టేది చెప్పాలి. బండి నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి, "ఇంజన్ ఆగలేదు, డైనమో బాగుంది" అనే పరీక్ష. దయచేసి ఎవర్నీ చేయనివ్వకండి. ఆల్టర్నేటర్ పదుల ఆంపియర్లు తోస్తుండగా బ్యాటరీ పక్కకు తప్పుకుంటే ఆ కరెంటుకు పోయే చోటుండదు. రెగ్యులేటర్ తేరుకునేలోపు వోల్టేజీ 40 దాటి ఇంకా పైకి ఎగబాకగలదు. ఆ దెబ్బకు ఈసీయూ, ఏబీఎస్, స్టీరియో, ఆల్టర్నేటర్ డయోడ్లు పోవచ్చు. చార్జవుతున్న బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉంటుంది, టెర్మినల్ పీకినప్పుడు వచ్చే నిప్పురవ్వకు బ్యాటరీ పేలగలదు కూడా. ఈసీయూ లేని పాత అంబాసిడర్ రోజుల్లో ఈ అలవాటు చెల్లింది. పోనీ అది చెప్పేది నిజమా అంటే, అదీ కాదు. మెకానికల్ పంపు డీజిల్ ఇంజన్లలో చాలావాటికి నడవడానికి కరెంటే అక్కర్లేదు. ఆల్టర్నేటర్ చచ్చిపోయినా అవి ఆగవు. పెట్రోలు బండి ఆగకపోయినా, సగం పాడైన ఆల్టర్నేటర్ కూడా ఇంజన్‌ను నడపగలదు. మీటరుతో అర నిమిషంలో తేలే విషయానికి ఇంత ప్రమాదం ఎందుకు? మెకానిక్ స్పానర్ అందుకుంటే ముందు ఇంజన్ ఆపమనండి.

అభ్యాసం: మూడు పొద్దులు వరుసగా ఆరు అంకెలు రాయండి. తాళం తిప్పకముందు, సెల్ఫ్ కొట్టేటప్పుడు కనిష్ఠం (9.6 కిందికి పడకూడదు), ఐడిల్‌లో, లోడుతో 2000లో, ప్లస్ వైపు నష్టం, మైనస్ వైపు నష్టం. సెల్ఫ్ కొట్టడానికి ఇంకొకరు ఉండాలి. గేరు న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ వేయండి, చేతులు బెల్టుకు దూరంగా పెట్టండి.

దీంతోపాటు ఈ లెక్క కూడా: ఒక బండిలో దీపం సన్నగా మిణుకుతోంది. ఐడిల్‌లో 13.9, లోడు వేస్తే 12.7, రేస్ చేసినా 12.9 దాటదు, రెండు వైపులా నష్టం 0.1, ఏసీలో 1.2. ఏ భాగం పోయింది, ఏ అంకె చూసి చెప్పారు? జవాబు 5వ పాఠం మొదట్లో.