గానుగ నూనె అంగడి: ఒకసారి కొన్నవాళ్లు మళ్లీ ఎందుకు రావడం లేదు?

అనంతపురం చుట్టుపక్కల చెనిక్కాయ (వేరుశనగ) నూనె అమ్మడం తేలిక కాదు. కొనేవాళ్లలో చాలామంది ఆ పంట పండించినవాళ్లో, పండించినవాళ్ల పిల్లలో. వాసన చూసే గింజ ఎలాంటిదో పట్టేస్తారు. గిరాకీ తగ్గగానే ధర తగ్గించకండి. జనం ఏ మాట అని వెళ్లిపోతున్నారో ముందు వినండి, కారణం అందులోనే దొరుకుతుంది.

"ఏమన్నా, లీటరని చెప్పి తొమ్మిదొందల పది గ్రాములే పోసినారే?"

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే మాట ఇది. నూనె నీళ్లకంటే తేలిక కాబట్టి లీటరు చెనిక్కాయ నూనె సుమారు 910 గ్రాములే తూగుతుంది. మీరు మోసం చేయలేదు. కానీ ఆ సంగతి ఇంటికెళ్లి కాటా పెట్టుకున్నాక తెలిసింది కాబట్టి మోసంలాగే కనిపిస్తుంది. బోర్డు మీద కిలో ధర రాసి, సీసాలో లీటరు పోస్తే అనుమానం రెట్టింపవుతుంది.

లేబుల్ మీద "1 లీటరు / 910 గ్రాములు" అని రెండూ వేయండి. బోర్డు మీదా రెండు ధరలూ ఉండాలి. కిలో ధరను 0.91తో గుణిస్తే లీటరు ధర వస్తుంది: కిలో 300 రూపాయలైతే లీటరు 273. క్యాన్ తెచ్చుకున్నవాళ్ల ముందు ఖాళీ క్యాన్ కాటా మీద పెట్టి, సున్నా చేసి, అప్పుడు పోయండి. కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర గడువు దాటకూడదు. ఆ ముద్ర పత్రం గల్లాపెట్టె వెనక కాదు, కొనేవాళ్లకు కనబడేచోట తగిలించాలి.

"ప్యాకెట్ నూనె ఇంతకంటే చవక కదా?"

లెక్క కనబడకపోతే ఎవరైనా ఇలాగే అంటారు. గానుగలో 10 కిలోల గింజలు ఆడిస్తే సుమారు 4 కిలోల నూనె దిగుతుంది. అంటే లీటరుకు దాదాపు 2.3 కిలోల గింజలు కావాలి. పలక మీద వారం వారం ఇలా రాయండి: ఈ వారం గింజ ధర, లీటరుకు పట్టే గింజ, ఆడించిన కూలి, సీసా ఖర్చు, చెక్క (నూనె తీయగా మిగిలే పిండి) అమ్మితే వచ్చేది. ఒక్క జాగ్రత్త: గింజ ధర దిగిన వారం నూనె ధర కూడా దిగాలి. లేకపోతే ఆ పలకే మీమీద సాక్ష్యం చెబుతుంది.

"బజ్జీలు వేస్తే నురగ పొంగి పొయ్యి మీద పడింది"

నూనె తేరకముందే సీసాల్లో పట్టడం, ఆడించేటప్పుడు నీళ్లు ఎక్కువ చిలకరించడం దీనికి ముఖ్య కారణాలు. తేమ, సన్నటి మడ్డి, జిగురు పదార్థాలు వేడికి నురగ కడతాయి. స్టీలు డ్రమ్ములో మూతికి పల్చటి గుడ్డ కట్టి మూడు నాలుగు రోజులు కదపకుండా ఉంచండి. పైనుంచి తీసి వడకట్టండి, అడుగున రెండంగుళాలు వదిలేయండి. ఇంత చేసినా శుద్ధి చేయని నూనె కొద్దిగా నురగ కడుతుంది. ఆ మాట అమ్మేటప్పుడే చెప్పాలి: "బాణలిలో సగానికే పోయండక్కా, మంట నిదానంగా పెంచండి." నూనె పొంగాక ఇదే చెబితే సాకులా వినబడుతుంది.

"ఫ్రిజ్‌లో పెడితే గడ్డకట్టింది, పామాయిల్ కలిపినారు"

అసలైన చెనిక్కాయ నూనె కూడా ఫ్రిజ్ చల్లదనానికి మసకబారి చిక్కబడుతుంది. అందుకే ఈ పరీక్ష కల్తీ ఉందనీ తేల్చదు, లేదనీ తేల్చదు. వాదనకు దిగకండి, ల్యాబ్ నివేదిక చూపించండి. బెల్లియర్ పరీక్ష అడగండి. ఇందులో నూనెకు రసాయనాలు కలిపి చల్లారుస్తూ ఎక్కడ మసకబారుతుందో చూస్తారు, ఫ్రిజ్ పరీక్షతో దీనికి సంబంధం లేదు: చెనిక్కాయ నూనెకు ఆ ఉష్ణోగ్రత 39 నుంచి 41 డిగ్రీల మధ్య రావాలి. నివేదిక ఏ వాయికి (ఒక్కసారి ఆడించిన నూనెకు) చెందిందో ఆ వాయి నంబరు సీసా మీద కూడా ఉండాలి. రెండేళ్ల కిందటి నివేదికకు ఫ్రేము కట్టి పెడితే ఈ రోజు సీసా గురించి అది ఏమీ చెప్పదు.

సొంత గింజలు తెచ్చుకున్నవాళ్లకు వాళ్ల ముందే ఆడించి ఇవ్వడం ఇంకా మంచిది. గింజలు, నూనె, చెక్క మూడూ వాళ్ల ఎదుటే తూచండి. ముందటివారి పిండి గానుగలో మిగలకుండా తుడిచాకే కొత్త వాయి వేయండి.

"ముక్కిన వాసన వస్తోంది"

సీసాలు ఎండ తగిలే అద్దాల షోకేసులో పెట్టారేమో చూడండి. అందానికి అక్కడ ఖాళీ సీసాలు చాలు. సగం ఖాళీ అయిన డ్రమ్ములో గాలి ఎక్కువ చేరుతుంది కాబట్టి చిన్న డ్రమ్ముకు మార్చండి. బూజు పట్టిన గింజను మాత్రం ఆడించకముందే ఏరేయాలి. అందులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, గుడ్డతో వడకడితే అది పోదు.

వాట్సాప్ స్టేటస్ చూస్తారు, అంగడికి రారు

"షుగర్ తగ్గిస్తుంది" లాంటి మాటలు ఈ రోజే తీసేయండి. అవి చట్టానికీ విరుద్ధం, ఆరోగ్యానికీ ముప్పు. "కొలెస్ట్రాల్ లేదు" అన్నది నిజమే గానీ మొక్కల నుంచి వచ్చే ఏ నూనెకైనా వర్తిస్తుంది. దాని బదులు ఆడించిన తేదీ, గింజ ఏ ఊరిది, ధర, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత లైసెన్సు) నంబరు పెట్టండి.

ఎవరైనా సీసా వెనక్కి తెస్తే ముందు డబ్బులిచ్చేయండి, ప్రశ్నలు తర్వాత. వాయి నంబరు పుస్తకంలో చూడండి. లోపం నిజమైతే అదే వాయి కొన్న మిగతావాళ్లకు ఆ సాయంత్రమే ఫోన్ చేసి, సీసాలు మార్చుకోమని మీరే చెప్పండి.