సీఎస్‌వీ ఫైలుకు డీలిమిటర్‌ను ఎలా ఎంచుకోవాలి?

వరుసలో ఒక గడి ఎక్కడ ముగిసి తరువాతిది ఎక్కడ మొదలవుతుందో తెలిపే గుర్తే డీలిమిటర్. పట్టికలోని డేటాను మామూలు అక్షరాల్లో, లైనుకో వరుసగా దాచే ఫైలు రూపమే సీఎస్‌వీ. అందులో ఆ గుర్తు సాధారణంగా కామా. సీఎస్‌వీ రూపాన్ని వివరిస్తూ 2005లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 4180 అనే పత్రం కూడా కామానే పేర్కొంది. గట్టి కారణం లేనిదే దాన్ని మార్చకపోవడం మేలు.

ముందుగా డేటాను పరిశీలించండి. చిరునామాలు, వస్తువుల వివరణలు, వేలను విడదీసి రాసిన సంఖ్యలు ఉన్నచోట కామాలు తప్పకుండా ఎదురవుతాయి.

17,పెన్ను, నీలం,12

ఈ వరుసలో ఉండవలసినవి మూడు గడులు. ప్రోగ్రాముకు మాత్రం నాలుగు కనిపిస్తాయి, పరిమాణాన్ని తెలిపే 12 ఒక గడి పక్కకు జరిగిపోతుంది. చాలామంది ఇక్కడే డీలిమిటర్‌ను మార్చేస్తారు కానీ, నిజానికి ఆ అవసరం లేదు.

17,"పెన్ను, నీలం",12

డబుల్ కోట్ల మధ్యనున్న కామాను ప్రోగ్రాము డేటాగానే చదువుతుంది. గడి లోపలే డబుల్ కోటు ఉంటే దాన్ని వరుసగా రెండుసార్లు రాయాలి. గడి మధ్యలో కొత్త లైను వచ్చినా కోట్లే దిక్కు, ఏ డీలిమిటరూ ఆ చిక్కును తీర్చలేదు.

తరువాత, ఫైలును ఎవరు ఏ ప్రోగ్రాముతో తెరుస్తారో కనుక్కోండి. ఎక్సెల్ సీఎస్‌వీని నేరుగా తెరిచేటప్పుడు కంప్యూటరు ప్రాంతీయ సెట్టింగుల్లోని విభజన గుర్తును అనుసరిస్తుంది. జర్మనీ, ఫ్రాన్స్ వంటి దేశాల్లో దశాంశానికి కామా వాడతారు కాబట్టి అక్కడ ఆ గుర్తు సెమికోలన్. అలాంటి ఫైలు వేరే సెట్టింగులున్న కంప్యూటరులో ఒకే నిలువు వరుసగా తెరుచుకోవచ్చు. అప్పుడు ఫైలును దిగుమతి చేసుకుంటూ డీలిమిటర్‌ను మనమే చెప్పాలి.

కోట్లను సరిగా చదవలేని పాత ప్రోగ్రాముకు పంపవలసి వస్తే ట్యాబ్‌నో పైపు గుర్తునో (|) ఎంచుకోండి, అయితే అది డేటాలో ఎక్కడా లేదని ముందే వెతికి చూసుకోండి. ట్యాబ్ మామూలు వాక్యాల్లో అరుదు. కానీ కంటికి ఖాళీలాగే కనిపిస్తుంది, పైగా కొన్ని ఎడిటర్లు దాన్ని స్పేసులుగా మార్చేస్తాయి. పైపు స్పష్టంగా కనిపిస్తుంది. రెండు అక్షరాల డీలిమిటర్ జోలికి మాత్రం పోవద్దు, ఎందుకంటే పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలోని సీఎస్‌వీ మాడ్యూలు ఒక్క అక్షరాన్నే అంగీకరిస్తుంది. అక్షరాలకు సంఖ్యలు కేటాయించే ఆస్కీ పట్టికలో 31వ సంకేతాన్ని సరిగ్గా ఈ పని కోసమే కేటాయించారు, కానీ కీబోర్డుపై దానికి మీట లేకపోవడంతో వాడేవారు అరుదు.

ఫైలులోని గడులను చేత్తో అతికించకుండా, సీఎస్‌వీ కోసం సిద్ధంగా ఉన్న లైబ్రరీ కోడ్‌తోనే రాయించండి. ఆపైన దాన్ని తిరిగి చదివించి, ప్రతి వరుసలోనూ గడుల సంఖ్య శీర్షిక వరుసతో సరిపోతోందో లేదో చూసి, డీలిమిటర్ పేరును, యూటీఎఫ్-8 వంటి ఎన్‌కోడింగ్‌ను (అక్షరాలను దాచే పద్ధతిని) అందుకునేవారికి తెలియజేస్తూ పంపండి.