టెన్నిస్ షూస్ అడిగితే టెన్నిస్ షూస్ ఇవ్వరు: డల్లాస్‌కి కొత్తగా వచ్చినవాళ్ళకి

డల్లాస్ చుట్టుపక్కల ఊళ్ళకి కొత్తగా వచ్చినవాళ్ళు ఇల్లు, కారు, లైసెన్సు అయ్యాక ఏదో ఒక ఆట మొదలుపెడతారు. పార్కుల్లో టెన్నిస్ కోర్టులు చాలావరకు ఉచితం, రాత్రిళ్ళు లైట్లు కూడా వేస్తారు. పాత రాకెట్ ఎవరో ఒక అన్నయ్య ఇస్తాడు. ఇక మనం కొనాల్సింది బూట్లే. తప్పు కూడా సరిగ్గా అక్కడే చేస్తాం.

నేను షాపుకెళ్ళి "టెన్నిస్ షూస్ కావాలి" అన్నాను. అక్కడి కుర్రాడు తీసుకెళ్ళి ఒక గోడంతా చూపించాడు. రన్నింగువి, వాకింగువి, జిమ్ముకి వేసుకునేవి, అన్నీ ఉన్నాయి. టెన్నిస్‌వి మాత్రం ఒక్క జత కూడా లేవు. తప్పు అతనిది కాదు. టెక్సాస్‌లో మామూలు మాటల్లో టెన్నిస్ షూస్ అంటే లేసులున్న ఏ స్పోర్ట్స్ షూ అయినా కావచ్చు, మనం ఏ ఫోటోకాపీనైనా జిరాక్స్ అన్నట్టు. నాకది తెలియదు. చేతిలోకి తీసుకుంటే దూదిలా ఉన్న జత ఒకటి ఏరుకుని వచ్చేశాను. అవి రన్నింగ్ షూస్.

రెండో వారం, ఫోర్‌హ్యాండ్ కోసం కుడివైపు పరిగెత్తి ఆగబోయాను. బూటు ఆగింది, అందులో పాదం మాత్రం ఆగలేదు. చీలమండ బెణికింది. అర్జంట్ కేర్‌లో (అపాయింట్‌మెంట్ లేకుండా చూసే క్లినిక్కులో) ఎక్స్‌రే తీసి, ఎముక విరగలేదని చెప్పి, కట్టు కట్టి పంపారు. ఇన్సూరెన్స్ ఉంది కదా అని ధీమాగా ఉంటే, డిడక్టిబుల్, అంటే ఇన్సూరెన్స్ వాళ్ళు ఇవ్వడం మొదలుపెట్టేముందు మనం జేబులోంచి పెట్టాల్సిన డబ్బు, పూర్తి కాలేదంటూ కొన్ని వారాల తర్వాత పోస్టులో బిల్లు వచ్చింది. ఆ డబ్బుతో మూడు జతల మంచి బూట్లు వచ్చేవి. కాబట్టి షాపులో అడిగేటప్పుడు "టెన్నిస్ కోర్ట్ షూస్" అనండి. లేదా టెన్నిస్ సామాన్లు మాత్రమే అమ్మే షాపుకి వెళ్ళండి. మామూలు స్పోర్ట్స్ షాపుల్లో రెండు మూడు రకాలకి మించి పెట్టరు.

రన్నింగ్ షూస్ మంచివే, కానీ పరుగుకి. పరుగులో పాదం ముందుకే పోతుంది కాబట్టి మడమ కింద మెత్తటి ఫోమ్ ఎత్తుగా పెడతారు. టెన్నిస్‌లో పక్కలకి దూకుతాం, ఉన్నట్టుండి ఆగుతాం. అప్పుడు బరువంతా పాదం బయటి అంచు మీద పడుతుంది, మెత్తటి ఫోమ్ అటువైపు నొక్కుకుపోయి మనిషి పక్కకి ఒరుగుతాడు. ఇండియా నుంచి తెచ్చుకున్న బ్యాడ్మింటన్ బూట్లది ఇంకో కథ. పక్కల పట్టు బాగానే ఉంటుంది గానీ, వాటి గమ్ సోల్, అంటే మెత్తటి రబ్బరు సోల్, చెక్క నేలకీ మ్యాట్‌కీ తయారుచేసింది. ఇక్కడి కోర్టు మీద పెన్సిల్ రబ్బరులా అరిగిపోతుంది.

ఇక్కడి కోర్టు అంటే హార్డ్ కోర్టు. తారు లేదా కాంక్రీటు వేసి, దాని మీద ఇసుక కలిపిన యాక్రిలిక్ రంగు పూతలు పూస్తారు. యూఎస్ ఓపెన్ 1978 నుంచి ఈ రకం కోర్టు మీదే ఆడుతున్నారు. మొదటిరోజు ఒకసారి వంగి అరచేత్తో రాసి చూడండి. ఉప్పుకాగితం తగిలినట్టు ఉంటుంది. మీ సోల్ వారానికి మూడు సాయంత్రాలు రాసుకునేది దానికే.

టెన్నిస్ బూట్లలో తేలికవీ, కాస్త బరువుగా గట్టిగా ఉండేవీ అని రెండు రకాలు. తేలిక వాటి సంగతి ఇక్కడే అర్థం చేసుకోవాలి. బరువు ఊరికే తగ్గదు, ఎక్కడో ఏదో తీసేస్తేనే తగ్గుతుంది. కింద రబ్బరు పలచన చేస్తారు, పైన మెష్ మీద ఉండే గట్టి పొర తగ్గిస్తారు, మడమ చుట్టూ బిగువుగా ఉండే చట్రాన్ని చిన్నది చేస్తారు. బంతికి ఒక అడుగు ముందే చేరతాం, మూడో సెట్‌లో పిక్కలు పట్టేయవు, నిజమే. బదులుగా సోల్ తొందరగా పోతుంది, పక్కల పట్టు కాస్త తగ్గుతుంది. ఇంతకుమించి రహస్యం లేదు. మిగతాదంతా అట్టపెట్టె మీద రాసే కవిత్వం.

ఆన్‌లైన్‌లో బరువు ఔన్సుల్లో చెబుతారు, అదీ ఒక్క బూటుకే. ఔన్సు అంటే దాదాపు 28 గ్రాములు. మగవాళ్ళ బూట్లలో 12 ఔన్సుల దగ్గర, అంటే 340 గ్రాముల దగ్గర, ఉంటే తేలిక అనుకోవచ్చు. 14 దాటితే, అంటే 400 గ్రాములకి దగ్గర పడితే, బరువువే. సైజు పెరిగితే బరువూ పెరుగుతుంది కాబట్టి ఏ సైజుకి తూచారో చూడండి. అనుమానం ఉంటే వంటింటి కాటా మీద పెట్టుకోండి. ఆవకాయ సీసాలతో సహా 23 కిలోలు దాటకుండా సూట్‌కేసు తూచిన ఆ కొక్కెం కాటా దీనికి పనికిరాదు, గ్రాముల తేడా దానికి తెలియదు. మీ ఆవిడ చూడకముందే తూచేయమని మాత్రం నా సలహా.

పెద్ద కంపెనీలన్నీ దాదాపు రెండు రకాలూ చేస్తాయి. ఆసిక్స్‌లో సొల్యూషన్ స్పీడ్ తేలిక, జెల్ రెజొల్యూషన్ గట్టిది. అడిడాస్‌లో ఉబర్‌సోనిక్ తేలిక, బారికేడ్ గట్టిది. బాబొలాట్ జెట్ మాక్ కూడా తేలిక వాటిలోదే. గట్టి రకాల్లో కొన్నింటికి సోల్ మీద 6 నెలల గ్యారంటీ ఇస్తారు. ఈలోపు అరిగి చిల్లు పడితే రసీదు చూపించి కొత్తవి తెచ్చుకోవచ్చు. తేలిక వాటికి ఈ గ్యారంటీ మామూలుగా ఉండదు. కంపెనీవాడికే నమ్మకం లేనప్పుడు మనం ఎంత పెట్టుకోవాలో ఆలోచించుకోవాలి.

నా లెక్క చెబుతాను, మీ ఇష్టం. వారానికి రెండు రోజులు, అదీ డబుల్స్ ఆడేవాళ్ళకి తేలికవి హాయిగా సరిపోతాయి. రోజూ సింగిల్స్ ఆడుతూ, బేస్‌లైన్ (కోర్టు వెనక గీత) మీద అటూ ఇటూ జారుతూ ఆడేవాళ్ళకి అవి డబ్బు దండగ. నా రెండో జత తేలికవే, నాలుగు నెలల్లో బొటనవేలి కింద నున్నగా అయిపోయాయి. కాస్త బరువున్న మనిషైనా, ఒకసారి చీలమండ బెణికినవాళ్ళైనా మొదటి జత మధ్యరకం తీసుకుని, ఆట కుదిరాక తేలిక వాటికి వెళ్ళడం నయం. సర్వీసు చేసేటప్పుడు వెనక కాలి బొటనవేలు నేల మీద ఈడ్చే అలవాటుంటే, ముందు భాగం మీదకి రబ్బరు ఎక్కించి ఉన్నవే చూడండి. అది లేని బూటుకి అదే చోట చిల్లు పడుతుంది.

సైజు దగ్గర మనవాళ్ళు బోల్తా పడతారు. ఇండియాలో మనం చెప్పేది యూకే సైజు. ఇక్కడ మగవాళ్ళ సైజు దాదాపు ఒకటి ఎక్కువ, అక్కడ 8 అయితే ఇక్కడ 9. కంపెనీని బట్టి అర సైజు అటూ ఇటూ అవుతుంది కాబట్టి వేసుకుని చూడాల్సిందే. చిన్నప్పటినుంచీ చెప్పులతో తిరిగిన పాదాలు మనవి, వేళ్ళ దగ్గర వెడల్పు ఎక్కువ. మగవాళ్ళకి మామూలు వెడల్పుని డి అంటారు, వెడల్పువి కావాలంటే 2ఈ అని అడగాలి. ఆడవాళ్ళకి మామూలుది బి, వెడల్పుది డి. న్యూ బ్యాలెన్స్‌లో ఈ వెడల్పు రకాలు సులభంగా దొరుకుతాయి. వెడల్పు చాలక సైజు పెంచుకుంటే లోపల పాదం జారుతుంది, ఆగిన ప్రతిసారీ గోళ్ళు ముందుకి కొట్టుకుని నల్లబడతాయి.

షాపుకి సాయంత్రం వెళ్ళండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. ఆటకి వేసుకునే మందపాటి సాక్సు వెంట తీసుకెళ్ళండి. వేసుకుని నిలబడితే వేళ్ళ ముందు ఒక బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. ఇప్పుడు ఒక బూటు విప్పి రెండు చేతులతో పట్టుకోండి. తడి బట్ట పిండినట్టు మెలిపెట్టండి. మధ్యలో సులువుగా తిరిగిపోతే అది వద్దు. ముందు భాగం వంచండి, వేళ్ళు మడిచేచోటే వంగాలి, మధ్యలో కాదు. మడమ వెనక బొటనవేలితో నొక్కండి, అట్టముక్కలా లోపలికి పోతే అదీ వద్దు. తర్వాత వేసుకుని, పై చివరి రెండు రంధ్రాల్లో లేసుని లోపలికి తిప్పి చిన్న ఉచ్చులా చేసి, అవతలి లేసుని అందులోంచి లాగి బిగించండి. మడమ లేవడం ఆగిపోతుంది. షాపులో నలుగురూ చూస్తున్నా సిగ్గుపడకండి, నాలుగడుగులు పక్కకి దూకి ఠక్కున ఆగి చూడండి.

ధరలు కొత్త మోడల్ అయితే 130, 150 డాలర్లు, కొన్నింటికి అంతకంటే ఎక్కువ కూడా ఉంటాయి. గుండె ఆగుతుంది, రూపాయల్లోకి మార్చకండి. కొత్త మోడల్ రాగానే పాతది బాగా తగ్గుతుంది, రంగు ఒకటే తేడా అనిపించే సందర్భాలే ఎక్కువ. ఆ తగ్గింపుల్లో ఒక మెలిక ఉంది. మోడల్ పేరు చివర క్లే అని ఉంటే అది మట్టి కోర్టుది, సోల్ నిండా దగ్గర దగ్గరగా వంకీల గీతలు ఉంటాయి. ఇక్కడ మట్టి కోర్టులు తక్కువ కాబట్టి చవగ్గా వస్తాయి. హార్డ్ కోర్టు మీద ఆ గీతలు ఎంతో కాలం మిగలవు. హార్డ్ కోర్ట్ అనో ఆల్ కోర్ట్ అనో ఉన్నదే కొనండి.

ఇంటికి తెచ్చాక కార్పెట్ మీదే గంటసేపు తిరగండి. కోర్టు మీద అడుగు పెట్టకపోతే చాలా షాపులు వాపసు తీసుకుంటాయి, దానికి ఎవరూ మొహం మాడ్చరు. అట్టపెట్టె పారేయకండి.

వేసవిలో కారు డిక్కీలో వదిలేయకండి. ఇక్కడి ఎండకి లోపల అంటించిన జిగురు మెత్తబడి సోల్ అంచు విడిపోతుంది. మా గుంపులో ఒకాయన కొత్త జతకి జూలైలో సరిగ్గా అదే జరిగింది. వాన పడిన మర్నాడు కోర్టు ఆరినట్టే కనిపిస్తుంది గానీ తెల్లగీతల మీద జారుతుంది, సోల్ అరిగినవాళ్ళు ఆ రోజు ఆడకపోతేనే మంచిది.

నెలకోసారి బూటు తిరగేసి బొటనవేలి కింద చూడండి. గీతలు పోయి నున్నగా అయితే రోజులు దగ్గరపడ్డట్టు. రబ్బరు కింద నుంచి ఇంకో రంగు కనిపించిందంటే అయిపోయినట్టే. అలాంటివి నా గరాజులో రెండు జతలున్నాయి, గడ్డి కోసేటప్పుడు వేసుకుంటాను. తెల్లవి ఇప్పుడు పచ్చగా ఉన్నాయి.