బాల్ లేని వైపు స్క్రీన్‌ను ఎలా దాటాలి

భీమవరంలోనైనా అమలాపురంలోనైనా సిమెంటు కోర్టు మీద సాయంత్రం బాస్కెట్‌బాల్ ఆట చూడండి. బాల్ పట్టుకున్నవాడి మీదకి ఇద్దరు ఉరుకుతారు, అవతలి వైపు షూటర్ స్క్రీన్ చాటున, అంటే కాసేవాడి దారికి అడ్డంగా నిలబడ్డ తన తోటివాడి చాటున, తీరిగ్గా ఖాళీ అవుతాడు. ఈ తప్పు కాళ్లది కాదు, నోటిది. స్క్రీన్ పెట్టేవాణ్ణి కాస్తున్నవాడే దాన్ని ముందు చూస్తాడు. అది తగలడానికి రెండడుగుల ముందే "ఎడమ స్క్రీన్!" అని అరవాలి. ఆరుబయట గాలికి మామూలు గొంతు వినపడదు.

షూటర్‌ను కాసేవాడు బాల్‌నూ తన మనిషినీ తల తిప్పకుండా చూడగలిగేలా, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండాలి. కేక వినగానే షూటర్‌కి ఇంకా దగ్గరగా జరగాలి, ఎందుకంటే మధ్యలో సందుంటేనే స్క్రీన్ అందులో దూరుతుంది. భుజం పక్కకి తిప్పి, ముందు కాలు స్క్రీనర్ పాదం దాటించి, ఒళ్లు సన్నం చేసుకుని జారిపోవాలి. చేత్తో నెడితే ఫౌలే. క్వార్టర్‌లో జట్టు ఐదో ఫౌల్ నుంచి అవతలివాళ్లకి 2 ఫ్రీ త్రోలు.

వెనకాలే వెంటాడితే షూటర్ బుట్ట వైపు వంపు తిరుగుతాడు. అప్పుడు స్క్రీనర్‌ను కాసేవాడు ఒక్క అడుగు బయటికి వేసి దారి మూసి, వెంటనే తన మనిషి దగ్గరికి వెళ్లాలి. అక్కడే ఉండిపోతే స్క్రీనర్ బుట్ట కింద ఒంటరిగా దొరుకుతాడు. లోపలి నుంచి అడ్డదారిన వెళ్తే షూటర్ మూలకి జరుగుతాడు. అందుకే 6.75 మీటర్ల మూడు పాయింట్ల గీత అవతల నుంచి వేయలేనివాడికే అడ్డదారి. అప్పుడు స్క్రీనర్‌ను కాసేవాడు ఒకడుగు వెనక్కి తగ్గి తోటివాడికి దారివ్వాలి.

కాసేవాళ్లిద్దరి ఎత్తు సమానమైతే మనుషుల్ని మార్చుకోవచ్చు. "మార్చు" అని ఇద్దరూ అరవాలి. ఒకడే అరిస్తే ఇద్దరూ షూటర్ వెంటే పోతారు.

వీపు వెనక పడే స్క్రీన్ అన్నిటికంటే ప్రమాదం. కదలకుండా నిలబడ్డవాడికి అది కనబడదు కాబట్టి, స్క్రీనర్ మామూలు అడుగు పట్టేంత చోటు వదలాలని నియమం. కదులుతున్నవాడికైతే ఒకటి నుంచి రెండడుగులు. రిఫరీ చూస్తాడులే అనుకోకుండా కేక పెట్టండి.

వాన వెలిశాక సిమెంటు జారుతుంది. వెంటాడేవాడు మలుపులో పడతాడు. అడుగులు చిన్నవి చేయండి, మార్పిడి ఎక్కువ వాడండి.

సాధనకి ఇద్దరి మీద ఇద్దరు, పాస్ ఇవ్వడానికి ఇంకొకరు. వెంటాడటం, అడ్డదారి, మార్పిడి ఒక్కోటి 10 సార్లు. మొదటి 5 సగం వేగంతో చాలు. కేక పడకపోతే ఆ సారి లెక్కలోకి రాదు.