పోటీ ముఖం చూడని గుర్రాన్ని తొలిసారి ఈవెంటింగ్‌కు తీసుకెళ్ళడం ఎలా?

చంద్రగిరి దగ్గర మా తోటలోకి మా గుర్రం చుక్క వచ్చిన రోజున ఊళ్ళోవాళ్ళు అడిగింది ఒకటే: "పెళ్ళిళ్ళకు బాడుగకు ఇస్తారా?" వాళ్ళ తప్పేం లేదు. తిరుపతి చుట్టుపక్కల గుర్రమంటే పెళ్ళికొడుకు ఊరేగింపు, లేదంటే బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు నడిచే గుర్రాలు. ఒకే గుర్రం, ఒకే రౌతు కలిసి డ్రెస్సాజ్ (బరిలో చెప్పిన కదలికలు చేసి చూపడం), క్రాస్ కంట్రీ (ఆరుబయట అడ్డంకులు దాటుతూ పరుగు), షో జంపింగ్ (మైదానంలో కర్రల మీంచి దూకడం) అని మూడు పరీక్షలు రాసే ఈవెంటింగ్ అనే ఆట ఒకటుందని చెబితే, "గుర్రం ఎగరా వచ్చు" అని నవ్వి వెళ్ళిపోయారు.

సైన్యంలో గుర్రాల సత్తా చూసే పరీక్షల నుంచి పుట్టిన ఆట ఇది. ఒలింపిక్స్‌లోకి 1912లో వచ్చింది. మనకూ ఇందులో పేరుంది. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో రఘుబీర్ సింగ్ స్వర్ణం గెలిచాడు, 2018లో బెంగళూరు కుర్రాడు ఫవాద్ మీర్జా రజతం తెచ్చాడు. మా చుక్క సంగతి వేరు. రేసుల నుంచి తప్పించిన ఆరేళ్ళ ఆడగుర్రం అది. నేరుగా పరుగెత్తడం తప్ప ఇంకేమీ తెలియదు. దాన్ని బెంగళూరులో మొదటి పోటీకి తీసుకెళ్ళి వచ్చాక నాకు అర్థమైంది ఒకటే. ఆ రోజు గుర్రానికి కొత్తగా ఉండాల్సింది ఆ చోటు మాత్రమే. మిగతావన్నీ, లారీ, నీళ్ళ రుచి, మైకు, మీ తెల్ల ప్యాంటుతో సహా, ఇంటి దగ్గరే పాతబడిపోవాలి.

రెండు నెలల ముందు: పోటీని ఇంటికి తెచ్చుకోండి

డ్రెస్సాజ్ బరి చిన్నదైతే 20 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవు. టేపు పెట్టి కొలిచి, ముగ్గుపిండితో గీత గీయండి. ఖాళీ పెయింటు బకెట్ల మీద ఎ, కె, ఇ, హెచ్, సి, ఎం, బి, ఎఫ్ అక్షరాలు రాసి వరసగా చుట్టూ పెట్టండి. చుక్క మొదటిరోజు ఆ ముగ్గు గీతనే అడ్డంకి అనుకుని మీటరు ఎత్తున దూకింది. ఇంట్లో కాబట్టి నవ్వుకున్నాం. అక్కడైతే జడ్జి ముందు అదే దూకుడుకు బరి దాటి బయటపడేవాళ్ళం.

శబ్దానికి కూడా అలవాటు చేయాలి. బ్లూటూత్ స్పీకర్లో అనౌన్స్‌మెంట్లు, చప్పట్లు పెట్టి మేత వేసే వేళకు మోగించండి. మొదట దూరంగా, రోజురోజుకూ దగ్గరగా. గోవింద నామాలకీ డప్పులకీ ఉత్సవాల గుర్రాలు చెవులు కూడా కదపవంటే అవి పుట్టుకతో ధైర్యవంతులని కాదు, రోజూ వినీ వినీ. మేం ఒకడుగు ముందుకేసి, జాతర పలకలు మోగుతుండగా చుక్కను ఆ దారిన పట్టుకుని నడిపించాం. మొదటిరోజు నా చెయ్యి దాదాపు ఊడొచ్చింది. ఈ ప్రయోగం ముసలి గుర్రం పక్కన ఉంటేనే చేయండి.

క్రాస్ కంట్రీకి మన దగ్గర కోర్సు ఉండదు. ఉన్నదాంతో సర్దుకోవాలి. కొత్త గుర్రాలు ఎక్కువగా తడబడేది మూడు చోట్ల: నీళ్ళు, గుంత, నీడ. మొదటి రెండూ అందరూ చెబుతారు. మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు. గుర్రం కన్ను వెలుతుర్లోంచి చీకట్లోకి సర్దుకోవడానికి మన కన్ను కంటే ఎక్కువ సమయం పడుతుంది. ఎండలోంచి చెట్ల కిందికి దూకమంటే దానికి అవతల నల్లటి గోడలా ఉంటుంది. దీనికి మామిడి తోపును మించిన బడి లేదు. తోపు అంచున ఒక కొయ్యదుంగ పడేసి, పది గజాల ముందే వేగం తగ్గించి, దాన్ని చూడనిచ్చి దాటించండి.

నీళ్ళకు వానలు పడ్డాక వంకలు చూసుకోండి. ముందు మీరు దిగి అడుగు గట్టిగా ఉందో లేదో కాళ్ళతో తొక్కి చూడాలి. ఒక్కసారి బురదలో కూరుకుపోయిన గుర్రం మళ్ళీ మిమ్మల్ని నమ్మడానికి ఏడాది పడుతుంది. అనుభవమున్న గుర్రాన్ని ముందు పంపి, వెనక నడకలో దింపండి. వంక దొరక్కపోతే టార్పాలిన్ పరిచి, నాలుగు బకెట్ల నీళ్ళు పోసి దాని మీద నడిపించినా చాలావరకు పని అవుతుంది.

ఎంట్రీ వేసేటప్పుడు అహం పక్కన పెట్టండి. ఇంట్లో 95 సెంటీమీటర్లు హాయిగా దూకే గుర్రానికి 80 సెంటీమీటర్ల తరగతి చాలు.

లారీ ఎక్కించడం

సగం తొలి పోటీలు ఇక్కడే చెడతాయని నా లెక్క. మన ఊళ్ళలో పశువుల్ని దిబ్బకు ఆనించి లారీ ఎక్కిస్తారు, వెనకనుంచి ఇద్దరు తోస్తారు. గుర్రంతో ఆ పద్ధతి కుదరదు. చెక్క ర్యాంపు చేయించి, జారకుండా, చప్పుడు రాకుండా కొబ్బరి నార పట్టా పరవండి. రెండు పక్కలా ఆనుకునేందుకు కట్టెలు ఉండాలి.

చుక్క ముందుకాలు ర్యాంపు మీద పెట్టింది, కింద చెక్క "దబ్" మంది, అంతే, వెనక్కి పది అడుగులు. నేను పగ్గం పట్టి లాగబోతే గుర్రాన్ని చూసుకునే మా సైస్ అన్న ఆపాడు. "లాగొద్దునా. అది నాలుగొందల యాభై కేజీలు, మనమిద్దరం కలిస్తే నూట ముప్పై." ఆ రోజు నుంచి ఉలవ గుగ్గిళ్ళ గిన్నె ర్యాంపు మొదట్లో పెట్టాడు. మర్నాడు ఒక అడుగు పైకి. ఆ పై రోజు ఇంకొక అడుగు. ఎక్కినా ఎక్కకపోయినా పావుగంటకు ఆపేసేవాడు. పదకొండో రోజున గిన్నె లారీలో ఉంది, చుక్క కూడా లారీలో ఉంది. తర్వాత ఇంజిన్ ఆన్ చేసి నిలబెట్టడం, ఆపైన చంద్రగిరి దాకా ఒక రౌండు. అసలు ప్రయాణానికి ముందు కనీసం మూడు చిన్న ప్రయాణాలు జరగాలి.

కాగితాలు, నాడాలు

నిర్వాహకులు ఏ కాగితాలు అడిగారో ముందే చూసుకుని నెల ముందు నుంచే మొదలుపెట్టండి. ధనుర్వాతం, ఇన్‌ఫ్లుయెంజా టీకాల రికార్డు, గ్లాండర్స్ అనే అంటురోగానికి రక్త పరీక్ష, డాక్టరిచ్చే ఆరోగ్య సర్టిఫికెట్ సాధారణంగా అడుగుతారు. గ్లాండర్స్‌ను తేలిగ్గా తీసుకోవద్దు. దానికి టీకా లేదు, మనుషులకూ అంటుతుంది. నమూనా ల్యాబుకు వెళ్ళి ఫలితం రావడానికి సమయం పడుతుంది. తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉండటం మనవాళ్ళ అదృష్టం. డాక్టరును కలిసినప్పుడే గుర్రం మామూలు ఉష్ణోగ్రత, నాడి చూడటం నేర్చుకోండి. విశ్రాంతిలో ఉష్ణోగ్రత 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్, నాడి నిమిషానికి 28 నుంచి 44 ఉండాలి. ఇంట్లో వారం రోజులు రాసిపెట్టుకుంటే మీ గుర్రం లెక్క మీకు తెలుస్తుంది.

నాడాలు వారం, పది రోజుల ముందే వేయించండి. ముందురోజు వేయిస్తే మేకు కాస్త లోపలికి దిగినా బరిలోనే కుంటుతుంది. కొత్త జీను, కొత్త కళ్ళెం ఆ రోజుకని కొనొద్దు. మీకు మాత్రం గడ్డం పట్టీ ఉన్న హెల్మెట్, ఒంటికి బాడీ ప్రొటెక్టర్ తప్పనిసరి. వాటిని వేసుకుని ఇంట్లో స్వారీ చేయండి. వెల్క్రో చర్రున లాగిన చప్పుడుకు కింద పడ్డవాళ్ళున్నారు. ఆ వరసలో నేనూ ఉన్నాను.

ప్రయాణం

తిరుపతి నుంచి బెంగళూరు దాదాపు 250 కిలోమీటర్లు. కారులో ఐదు గంటలైతే గుర్రంతో ఏడెనిమిది వేసుకోండి. తెల్లవారుజామున మూడింటికి బయల్దేరితే ఎండ ముదరకముందే పలమనేరు దాటేయొచ్చు. డ్రైవరుకు అర్థమయ్యేలా ఒక మాట చెప్పండి: వెనక ఉన్నది సిమెంటు బస్తాలు కాదు. మలుపులో, బ్రేకులో అది నాలుగు కాళ్ళ మీద బ్యాలెన్స్ చేసుకుంటూ నిలబడి ఉంటుంది. మొగిలి ఘాట్ వెళ్ళేటప్పుడు ఎక్కడమే కాబట్టి ఫరవాలేదు. వచ్చేటప్పుడు అలిసిపోయిన గుర్రంతో దిగాలి, అక్కడ చిన్న గేరులో మెల్లగా రమ్మనండి.

మూడు నాలుగు గంటలకోసారి ఆపండి. తల పైకి కట్టేసి గంటల తరబడి ఉంచితే ముక్కులోకి పోయిన దుమ్ము, చీమిడి బయటికి రాక ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది. పగ్గం వదులు చేసి, తల కిందికి దించుకోనివ్వండి, గడ్డి నేల మీద పెట్టండి.

నీళ్ళ సంగతి. గుర్రం రోజుకు పాతిక నుంచి యాభై లీటర్ల దాకా తాగుతుంది. అక్కడి నీళ్ళ వాసన నచ్చకపోతే ముట్టదు. నీళ్ళు తాగని గుర్రానికి కడుపు నొప్పి వస్తుంది, గుర్రానికి కడుపు నొప్పంటే ప్రాణం మీదికొచ్చినట్టే. మేం రెండు వారాల ముందు నుంచి ఇంట్లో బకెట్టుకు చిన్న బెల్లం ముక్క కలిపాం. మన చిత్తూరు బెల్లమే. బెంగళూరులో అదే బెల్లం, అదే బకెట్టు. చుక్క వాసన చూసి సగం బకెట్టు లాగేసింది. గడ్డి, దాణా కూడా ఇంటి నుంచే మోసుకెళ్ళండి. ఆ నాలుగు రోజులు మేత మార్చొద్దు.

ముందురోజు

సాధ్యమైతే ఒక రోజు ముందే చేరుకోండి. దిగగానే ఎక్కకండి. పట్టుకుని నడిపించండి, చూడనివ్వండి, సకిలిస్తే సకిలించనివ్వండి. సాయంత్రం ఉష్ణోగ్రత చూడండి.

క్రాస్ కంట్రీ కోర్సును మీరు కాలినడకన తిరగాలి, ఒక్కసారి కాదు, రెండు మూడుసార్లు. ప్రతి అడ్డంకికి కుడివైపు ఎర్ర జెండా, ఎడమవైపు తెల్ల జెండా ఉంటుంది. కుడి, కుంకుమ అని గుర్తుపెట్టుకోండి. మీరు స్వారీ చేసే వేళకు ఎండ ఎటు ఉంటుందో, ఏ అడ్డంకి నీడలో పడుతుందో ఇప్పుడే చూసుకోవాలి.

ఆ రోజు

వార్మప్ మైదానం మన బస్టాండు లాంటిది. ఎవరెటు వస్తారో తెలియదు. ఎడమ చెయ్యికి ఎడమ చెయ్యి ఎదురయ్యేలా దాటాలన్నది అక్కడి పద్ధతి. కొత్త గుర్రం మీద ఉన్నానని ముందే చెబితే చాలామంది దారిస్తారు. గుర్రం బెదిరితే మూలకు తీసుకెళ్ళి చిన్న వలయాల్లో నడకకు దించండి. "రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంది" అంటారు. తొలి పోటీలో మాత్రం మెత్తటి రౌతే కావాలి. మనం బిగుసుకుంటే ఆ టెన్షన్ పగ్గాల్లోంచి నేరుగా దాని నోట్లోకి పోతుంది.

డ్రెస్సాజ్‌లో ఒక్కో కదలికకు సున్నా నుంచి పది మార్కులు. మొత్తం శాతాన్ని వందలోంచి తీసేస్తే మిగిలేది మీ పెనాల్టీ. 60 శాతం వస్తే పెనాల్టీ 40 అన్నమాట. ఎంత తక్కువైతే అంత మంచిది. షో జంపింగ్‌లో కర్ర పడితే 4. ఒక్కరోజు పోటీల్లో చాలాసార్లు క్రాస్ కంట్రీని చివర పెడతారు, టైంటేబుల్ చూసుకోండి.

క్రాస్ కంట్రీలో మొదటిసారి మొండికేస్తే 20, అదే అడ్డంకి దగ్గర రెండోసారికి 40, మూడోసారి ఔట్. నిర్ణీత సమయం దాటితే సెకనుకు 0.4. అంటే నిమిషం ఆలస్యమైతే 24, ఒకసారి మొండికేసిన దానికంటే ఎక్కువే. అయినా ఆ నిమిషాన్ని వదిలేసుకోండి. వాచీ ఇంట్లో పెట్టి వెళ్ళండి. ఏ అడ్డంకి దగ్గరైనా గుర్రం నిజంగా భయపడిందనిపిస్తే, ఇంకో రెండు తేలిక అడ్డంకులు దాటించి, చెయ్యెత్తి ఆగిపోవచ్చు. అందులో సిగ్గేం లేదు.

వేడెక్కిన గుర్రం మీద చన్నీళ్ళు పోస్తే కండరాలు పట్టేస్తాయని మన లాయాల్లో పాత నమ్మకం. 1996 అట్లాంటా ఒలింపిక్స్ ఎండల కోసం చేసిన పరిశోధనల్లోనే అది నిజం కాదని తేలింది. ఊపిరి తగ్గేదాకా ధారగా పోస్తూ, మధ్యమధ్య నడిపిస్తూ ఉండండి. తాగడానికి కూడా ఇవ్వండి.

మా సంగతి చెబుతాను. నీళ్ళు, తోపు నీడ, లౌడ్‌స్పీకర్, అన్నీ చుక్క చూసీచూడనట్టు దాటేసింది. డ్రెస్సాజ్‌లో జడ్జి కూర్చునే సి అక్షరం దగ్గర అందం కోసం చామంతి కుండీలు పెట్టారు. మా పెయింటు బకెట్టు దగ్గర ఎప్పుడూ పూలు లేవు. చుక్క నిలబడిపోయింది. చెవులు ముందుకు, ముక్కుపుటాలు బెల్లం బిళ్ళలంత. పక్కకి, వెనక్కి, చివరికి కుండీలకు వీపు తిప్పి సెల్యూట్ కొట్టాం. కింది నుంచి మూడో స్థానం.

తిరిగొచ్చాక

మర్నాడు కాళ్ళు తడిమి చూడండి. వేడి, వాపు ఉంటే డాక్టరును పిలవండి. మూడు రోజులు పొద్దున సాయంత్రం ఉష్ణోగ్రత రాయండి, ప్రయాణపు జ్వరం కొన్నిసార్లు ఆలస్యంగా బయటపడుతుంది. రెండు మూడు రోజులు తోటలో వదిలేసి, తర్వాత చేతితో పట్టి నడిపించడంతో మొదలుపెట్టండి. అక్కడ దేనికి బెదిరిందో మర్చిపోకముందే రాసుకోండి. మా కాగితం మీద ఒకటే మాట ఉంది. ఆ వారమే నర్సరీ నుంచి ఎనిమిది చామంతి కుండీలు తెచ్చి బకెట్ల పక్కన పెట్టాను. ఇప్పుడు ఐదే మిగిలాయి. మూడింటిని చుక్క తినేసింది.