ఆసుపత్రిలో చేరిన పేషెంటు మందులు సరిచూడటం ఎలా?

మందులు తారుమారయ్యేది ఎక్కువగా ఆసుపత్రిలో చేరేటప్పుడు, వార్డు మారేటప్పుడు, ఇంటికి పంపేటప్పుడు. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మందుల భద్రత కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ఈ చేతులు మారే సమయాలనూ ముఖ్యాంశంగా తీసుకుంది. "బీపీ, షుగర్‌కి వాడుతున్నారు" అని కేస్ షీట్‌లో రాసేస్తే నర్సు పని అయిపోదు.

1. మందుల సంచి మొత్తం తెప్పించండి. చీటీలో ఉన్నది డాక్టర్ రాసింది. మనకు కావాల్సింది పేషెంటు నిజంగా వేసుకుంటున్నది. ఇన్సులిన్, ఇన్‌హేలర్, కంటి చుక్కలు కూడా చూడాలి. కత్తిరించిన స్ట్రిప్పు మీద పేరు లేకపోతే రంగు చూసి ఊహించొద్దు, కొన్న మెడికల్ షాపుకి ఫోన్ చేయించండి.

2. "మందులు సరిగ్గా వాడుతున్నారా?" అంటే ఎవరైనా "ఆఁ" అనే అంటారు. "పొద్దున లేవగానే ఏం వేసుకుంటావు పెద్దమ్మా? టిఫిన్ తర్వాత? నిన్న రాత్రిది వేసుకున్నావా?" అని అడగండి. నొప్పి బిళ్ళలు, ఆయుర్వేదం, పసరు మందుల గురించి పేరెత్తి అడగాలి. చాలామంది వాటిని మందుల్లో లెక్కే వేయరు. ఏ మందైనా పడలేదంటే, ఏమైందో కూడా రాయండి: దద్దుర్లా, ఆయాసమా?

3. ఇప్పుడు ట్రీట్‌మెంట్ షీట్ (ఆసుపత్రిలో డాక్టర్ రాసిన మందుల పట్టిక) పక్కన పెట్టుకుని, బ్రాండు పేరు కాకుండా లోపలి మందు పేరు పోల్చండి. అసలు కష్టం ఇక్కడే. ఎకోస్ప్రిన్ గోల్డ్ క్యాప్సూల్‌లో ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, అటోర్వాస్టాటిన్ మూడూ ఉంటాయి. షీట్‌లో క్లోపిడోగ్రెల్ మళ్ళీ విడిగా ఉందంటే డోసు రెట్టింపై రక్తస్రావం కావచ్చు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. అది "రోజూ" అని షీట్‌లోకి ఎక్కితే ప్రాణం మీదికొస్తుంది. వారంలో ఏ రోజు వేసుకోవాలో స్పష్టంగా రాసుందేమో చూడండి.

4. తేడా కనిపిస్తే ఆ డోసు ఇవ్వకముందే డాక్టర్‌కి చెప్పండి. సొంతంగా ఆపడం, మార్చడం వద్దు. ఆపరేషన్ ఉందని రక్తం పలచబరిచే మందు ఆయనే ఆపి ఉండొచ్చు. అలాగైతే ఎందుకు ఆపారో, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో రాయించండి. ఈ రెండోదే తరచుగా మర్చిపోతారు.

5. డిశ్చార్జ్ రోజు కొనసాగేవి, మారినవి, ఆపేసినవి విడివిడిగా చూపించండి. పాత సంచిలో అదే మందు ఇంకో బ్రాండు పేరుతో ఉంటే ఇంట్లో రెండూ వేసుకునే ప్రమాదం ఉంది. షుగర్ బిళ్ళలైతే షుగర్ మరీ తగ్గి కళ్ళు తిరిగి పడిపోవచ్చు. అందుకే ఆపేసిన స్ట్రిప్పులు పక్కకు తీయించి, ఇంట్లో మందులిచ్చేది కోడలైతే కోడలి చేతే మొత్తం తిరిగి చెప్పించుకోండి. పేషెంటు తలూపితే చాలదు.